కోటు వెనక చిన్నరసాలు

మా తమ్ముడు బసవపున్నారావుని చంపాలని ఎవరైనా అనుకుంటే ముందుగా వాళ్ళకి నా నమస్కారం. అంత తీరిక ఉన్న మనుషులు నూజివీడు చుట్టుపక్కల ఇంకా మిగిలున్నారంటే సంతోషించాల్సిందే కదా. మామిడి కోతలప్పుడు ఇక్కడ జనానికి అన్నం తినడానికే టైముండదు. పనులన్నీ మానుకుని వీణ్ణి చంపడానికి ఎవడొస్తాడు? అయినా తనని చంపడానికి తిరుగుతున్నారని వాడికి నమ్మకం కుదిరింది. వాడికి ఒక నమ్మకం కుదిరాక దాన్ని బుర్రలోంచి తీయడం, కన్న మా నాన్న వల్లే కాలేదు.

నా పేరు శారద. వాడి అక్కని. నన్ను ఇచ్చింది కూడా ఇదే ఊళ్ళో, వాడి గోడకి ఆనుకున్న ఇంట్లో. అందుకని వాడు తుమ్మితే నాకు వినబడుతుంది. తుమ్మకముందే నాకు విసుగొస్తుంది.

అసలు కథ కిందటేడు మామిడి రైతుల సంఘం ఎన్నికలతో మొదలైంది. మావాడు అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ఓడిపోయాడు. ఓడినవాళ్ళు మామూలుగా కొన్నాళ్ళు మొహం చాటేసి తర్వాత పనిలో పడతారు. వీడు మాత్రం ఓడిన రోజునుంచే నాయకుడైపోయాడు. తెల్ల చొక్కాలు, చేతి గడియారం, ఎవరితో మాట్లాడినా ముందు అటూ ఇటూ చూడటం. గెలిచిన పెద్దమనిషి మాత్రం పాత లుంగీలోనే తిరుగుతున్నాడు.

అంతలో ఒక సాయంకాలం తోటలో మోటారు ఆపడానికి వెళ్ళాడు. ఠాప్‌మని ఎక్కడో శబ్దం, ఒక సీసపు గుండు వచ్చి మోటారు షెడ్డు తలుపుకి తగిలింది. మా తోటల్లో అడవిపందుల కోసం దొంగచాటుగా నాటు తుపాకులు పేల్చే వాళ్ళున్నారు. ఆ సంగతి పిల్లలకి కూడా తెలుసు. పోలీసాయన వచ్చి చూసి, "పంది కోసం కొట్టిందండీ, గురి తప్పింది," అన్నాడు.

మావాడికి రోషం పొడుచుకొచ్చింది. "పందికీ నాకూ తేడా తెలియదా అక్కా వాళ్ళకి?" అన్నాడు ఇంటికొచ్చి.

"చీకటి పడ్డాక కష్టమేరా," అన్నాను.

రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున హనుమాన్ జంక్షన్ వెళ్ళి బుల్లెట్ ప్రూఫ్ కోటు కొనుక్కొచ్చాడు. జంక్షన్‌లో లారీలు ఆగే చోట రెయిన్‌కోట్లూ, టార్చిలైట్లూ, మిలటరీ రంగు బూట్లూ అమ్మే షాపు ఒకటుందట. అక్కడ ఏ మూలనో పడున్న కోటుని షాపువాడు దుమ్ము దులిపి, ఇది పెద్ద పెద్ద వాళ్ళు వేసుకునేది అని చెప్పి అంటగట్టాడు. పెద్ద పెద్ద వాళ్ళు అన్న మాట చెవిన పడితే మావాడు గోనెసంచి అయినా తొడుక్కుంటాడు.

కోటంటే ఇనుపదేం కాదు. నల్లగా, మందంగా, లోపల ఏదో గట్టి గుడ్డని పొరలు పొరలుగా కుట్టారు. పట్టుకుంటే పాత పరుపులా ఉంది. వాడి కూతురు కీర్తిప్రియ ఇంజనీరింగు చదువుతోంది. లోపలివైపు కుట్టిన చీటీ చూసి చదివింది. "నాన్నా, ఇది చిన్న తుపాకుల గుళ్ళకేనట. రైఫిల్‌కి ఆగదట. కత్తికీ ఆగదట. నీళ్ళలో నానబెట్టకూడదట, ఇస్త్రీ చేయకూడదట. ఒకసారి దెబ్బ తగిలాక మళ్ళీ వాడకూడదట."

"ఆగనివన్నీ చదివావు. ఆగేది చదువు," అన్నాడు వాడు.

"చదివాను కదా నాన్నా, మొదటి ముక్క అదే."

"చాలు. మనకి రైఫిల్‌తో ఎవడొస్తాడు," అని తొడిగేసుకున్నాడు.

అది రోహిణి కార్తె. పంకా కింద పడుకున్నా ఒళ్ళు ఉడికిపోయే రోజులు. మావాడు బనీను మీద ఆ పరుపు, పరుపు మీద చొక్కా, చొక్కా మీద కండువా. పొద్దున్నే తొడుక్కుంటే పొద్దుగూకాకే విప్పడం. విప్పాక వాళ్ళావిడ సరోజ డబ్బాల కొద్దీ చెమటపొక్కుల పౌడరు అద్దడం. "వదినా, తుపాకీ దెబ్బ సంగతి దేవుడెరుగు, ఈ మనిషి దురదతో పోయేటట్టున్నాడు," అని అది నా దగ్గర మొత్తుకునేది. ఉంగుటూరులో సరోజ పుట్టింటివైపు పెళ్ళికి కూడా అది తొడుక్కునే వచ్చాడు. చూసినవాళ్ళందరూ, "ఒళ్ళు చేశావయ్యా పున్నారావ్, పదవి పోయినా బాగానే ఉన్నట్టున్నావ్," అన్నారు. నడుం వంగదు కాబట్టి బంతిలో కూర్చోలేక నిలబడి తిన్నాడు. అక్షింతలు ఎక్కణ్ణించో విసిరితే పెళ్ళికూతురి మీద కాక పురోహితుడి మీద పడ్డాయి. అంత పెళ్ళిలో వాడిమీద తుపాకీ ఎక్కుపెట్టిన వాడు ఒక్కడూ కనబడలేదు. కోటు పని చేస్తోందనడానికి అదే రుజువట!

ఇంతవరకూ చదివి మా తమ్ముడు ఉత్త వెర్రిబాగులవాడు అనుకుంటారేమో. అనుకోండి, నేను కాదనను. కానీ వాడిలో చిన్నప్పటినుంచీ ఇంకో గుణం ఉంది. ఏ వస్తువు ఇంటికొచ్చినా ముందు వాడి ఒంటిమీద పరీక్ష జరగాలి. పదేళ్ళప్పుడు కొత్తగా మోటారు బిగిస్తే, కరెంటు వచ్చిందో లేదో వేలు పెట్టి చూశాడు. వచ్చింది. వాడు ఎగిరి కాలవలో పడ్డాడు. పెద్దయ్యాక కూడా అంతే. తోటలోకి కొత్త నిచ్చెన వస్తే కూలీలకంటే ముందు తానెక్కుతాడు. ఒకసారి మెట్టు విరిగి కిందపడి, కోతల సీజనంతా మంచం మీదే ఉన్నాడు. ఆ నిచ్చెన మీంచి కూలీ మాత్రం ఒక్కరూ పడలేదు. కొత్త బోరు నీళ్ళు ముందు తాను తాగి, ఒక పూట ఆగి, ఆ తర్వాతే పనివాళ్ళని తాగనిస్తాడు. దీన్ని మంచితనం అనాలో మందబుద్ధి అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. ఏడుపూ వస్తుంది, నవ్వూ వస్తుంది, చెంప పగలగొట్టాలనీ ఉంటుంది.

ఈ ఏడు మళ్ళీ కోతలు మొదలయ్యాయి. కోటు ఇంకా వాడి ఒంటిమీదే ఉంది. తోటకి రాత్రి కాపలా సత్యనారాయణది. నెమ్మదస్థుడు, చాలా ఏళ్ళుగా మా తమ్ముడి దగ్గరే పని. ఒకరోజు తెల్లారేసరికి వాడి భార్య కమల ఒక సత్తుగ్లాసు పట్టుకుని మా తమ్ముడి వాకిట్లోకి వచ్చింది. గ్లాసుకి ఒకవైపు నుంచి రెండోవైపుకి చిల్లు. రాత్రి మంచె మీద సత్యనారాయణ పక్కన పెట్టుకున్న గ్లాసది. ఎవరో పంది కోసం పేలిస్తే గుండొచ్చి దానికి తగిలింది.

"ఇంక మా ఆయన్ని రాత్రిళ్ళు పంపనండీ. ఆ గ్లాసున్న చోట తలకాయుంటే నా గతేంటండీ?" అంది కమల.

మా తమ్ముడు ఆ గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాడి మొహం పాలిపోయింది. లోపలికి వెళ్ళి కోటు విప్పి తెచ్చి సత్యనారాయణ చేతిలో పెట్టాడు. "ఇవాళ్టినుంచి ఇది నువ్వు వేసుకో. నా సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు. తనని చంపడానికి తిరుగుతున్న వాళ్ళందరి సంగతీ ఒక్క క్షణంలో మర్చిపోయాడన్నమాట. గోడ ఇవతల నుంచి చూస్తున్న నేను, నిజం చెబుతున్నాను, వాణ్ణి మెచ్చుకున్నాను.

సత్యనారాయణ కోటుని తిరగేసి మరగేసి చూసి, వినయంగానే అడిగాడు. "ఇది ఆపుద్దాండీ?"

అంతే. అడక్కూడని మాట అడిగాడు. మావాడు నిటారుగా అయిపోయాడు.

"ఆపుద్దా అంటావేంటి? రేపు తోటలో అందరిముందూ నేనే వేసుకుని నిలబడతా. దశరథరామయ్య బాబాయి తుపాకీతో కొట్టిస్తా. నేను వేసుకు చూడకుండా నీకిస్తానా?"

"అయ్యబాబోయ్, మీరు నిలబడ్డం ఎందుకండీ?" అని కమల నోరు నొక్కుకుంది.

"నిచ్చెన ఎక్కలేదా? ఇదీ అంతే," అన్నాడు వాడు.

దశరథరామయ్య బాబాయికి కోతులని బెదిరించడానికి లైసెన్సున్న తుపాకీ ఒకటుంది. ఆయన్ని ఒప్పించడానికి వాడు మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. బాబాయి బెంగంతా లైసెన్సు గురించే. "నీకేమన్నా అయితే నా లైసెన్సు పోద్దిరా," అంటాడు. అన్న కొడుకు పోతే పోయాడు గానీ కాగితం పోకూడదు. చివరికి, "సీసపు గుండ్ల తూటాయే కదా, కోటుందిగా," అని తలూపాడు. సరోజ ఏడ్చింది. కీర్తిప్రియ హాస్టల్ నుంచి ఫోనులో అరిచింది. మావాడు ఎవరి మాటా వినలేదు.

ఇక నేనే కల్పించుకున్నాను. "ఒరేయ్, నువ్వు మామిడి రైతువా కాదా? కొనేవాడొస్తే శాంపిల్ కోయకుండా గుట్ట తూకం వేయిస్తావా? ముందు శాంపిల్ చూడు. తర్వాత నీ ఇష్టం," అన్నాను.

శాంపిల్ అనేసరికి వాడి బుర్రకి ఎక్కింది. మా దగ్గర కాయల గుట్ట చూడటానికి వ్యాపారి వస్తే, మధ్యలోంచి ఒక కాయ తీసి అడ్డంగా కోస్తాడు. లోపల బాగుంటే గుట్టంతా బాగున్నట్టే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్నది అదే. మనిషి కోటుకి కూడా అదే లెక్క అనుకున్నాం. మామిడి తోటల్లో పుట్టినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఇంత తెలివి ఉండదు.

మర్నాడు పొద్దున్నే చిన్నరసాలు ఒక గోనెసంచి నిండా నింపాం. కాయలు నేనే ఏరాను. పండనివి, పచ్చివి కానివి, వేలితో నొక్కితే లొంగని దోరకాయలు. సంచిని మనిషంత ఎత్తులో చెట్టు మానుకి కట్టి, దానికి కోటు తొడిగారు. బాబాయి పక్క చెట్టు దగ్గర నిలబడి పేల్చాడు. తోటలో కాకులన్నీ ఒక్కసారి లేచాయి. అందరూ పరుగెత్తుకెళ్ళి చూశారు. కోటు పైగుడ్డ చిరిగింది, సీసపు గుండ్లు పొరల్లో ఇరుక్కుని ఉన్నాయి. లోపలివైపు ఒక్క చిల్లు కూడా లేదు. గోనెసంచికి పోగు కూడా తెగలేదు.

"శాంపిల్ పాసు!" అని ఎవరో అరిచారు. చప్పట్లు. మావాడు నావైపు తిరిగి, "చూశావా అక్కా?" అన్నాడు. చూశాను. నేనూ నవ్వాను. నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

అప్పటికప్పుడే తొడుక్కుని నిలబడతానన్నాడు. "ముందు అన్నం తిని చావరా," అని ఇంటికి పంపించాను. కాయలు పారేయడం ఎందుకని సంచిని ఆటోలో వేయించుకుని మా ఇంటికి తెచ్చుకున్నాను. ముగ్గబెట్టి తాండ్ర పోద్దామని.

భోజనాలయ్యాక, పెరట్లో గడ్డి పరిచి, కాయలు పేర్చుదామని సంచి మూతి విప్పాను. పైన ఉన్నవి బాగానే ఉన్నాయి. గట్టిగా, పొద్దున ఏరినట్టే ఉన్నాయి. చెయ్యి ఇంకా లోపలికి పెట్టి ఒక కాయ తీశాను. మెత్తగా ఉంది. ఇది పండు, పొరపాటున వచ్చింది అనుకున్నాను. ఇంకోటి తీశాను. అదీ మెత్తన. ఇంకోటి. సంచిలో కోటు ఆనిన వైపు కాయలన్నీ అంతే.

చిన్నరసం తినే పద్ధతి మాకందరికీ తెలిసిందే. అరచేతుల మధ్య పెట్టుకుని తొక్క చిట్లకుండా మెల్లగా పిసుకుతాం. లోపల గుజ్జంతా టెంక నుంచి ఊడి రసమయ్యాక తొడిమ దగ్గర కొరికి జుర్రుకుంటాం. నా చేతిలో కాయ అచ్చం అలా ఉంది. ఎవరో కూర్చుని ఒక్కోదాన్నీ తినడానికి సిద్ధంగా పిసికిపెట్టినట్టుంది. తొక్క మీద గీత కూడా లేదు. తొడిమ దగ్గర గోరుతో గిల్లాను. రసం చివ్వున చీర మీద పడింది.

అప్పటిదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. అప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది. గుండు ఆగింది. దాని దెబ్బ మాత్రం గుడ్డ దాటి లోపలికి వెళ్ళింది. మేమంతా చిల్లు ఉందా లేదా అని పైపైన చూసుకుని చప్పట్లు కొట్టాం. శాంపిల్ పెట్టాం గానీ కాయ కోసి చూడలేదు!

గోడ మీంచి సరోజని కేకేశాను. "ఆయన తోటకెళ్ళి చాలాసేపయింది వదినా," అంది. నాలుగు కాయలు కొంగులో మూటకట్టుకుని పరుగెత్తాను. మోకాళ్ళ నొప్పికి డాక్టరు రోజూ నడవమంటే పక్క వీధికి కూడా ఆటో ఎక్కేదాన్ని నేను. ఆ రోజు చెప్పులు కూడా వేసుకోలేదు. ఆ ఎండలో, ఆ మట్టిలో, "ఒరేయ్ ఆగరా, ఒరేయ్ పున్నా ఆగరా," అని నాలో నేనే అరుచుకుంటూ పరుగెత్తాను. వాడు పుట్టిన దగ్గర్నుంచీ వాణ్ణి తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు. వాడు బతికుంటే ఇంకా తిట్టాలి.

తోటలో జాతర జరుగుతోంది. వాడి నుదుట బొట్టు పెట్టారు. మెడలో బంతిపూల దండ వేశారు. బలిచ్చే మేకపోతుకి కూడా ఇంత మర్యాద చేయరు. పొద్దున దెబ్బ తిన్న ఆ కోటే తొడుక్కుని, చిరిగిన చోటు సరిగ్గా గుండెల మీదకి వచ్చేట్టు, చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. సత్యనారాయణ ఒక పక్కన దణ్ణం పెట్టుకుంటున్నాడు. బాబాయి తుపాకీ భుజానికి ఆనించాడు.

నేను వెళ్ళి తమ్ముడి ముందు నిలబడ్డాను. ఆయాసంతో మాట రాలేదు.

మావాడు కంగారుపడిపోయాడు. "అక్కా, పక్కకి జరుగు! నువ్వు కోటు వేసుకోలేదు!"

లాగి ఒక్కటిచ్చాను. కోటు చెంప దాకా రాదు కదా. దండ తెగి పువ్వులు రాలాయి.

బాబాయి తుపాకీ దించేశాడు. నేను కొంగు విప్పి ఒక కాయ వాడి చేతిలో పెట్టాను.

"ఏంటిది?" అన్నాడు చెంప తడుముకుంటూ.

"నొక్కు."

నొక్కాడు. "పండిపోయిందక్కా."

"పొద్దున నీ కోటు వెనకున్న దోరకాయరా అది. నేనే ఏరాను. ఇంత గట్టిగా ఉంది."

వాడు కాయని చుట్టూ తిప్పి చూశాడు. "తొక్క చిట్లలేదు కదా?"

"నీ తొక్కా చిట్లదురా. పైకి నిక్షేపంలా ఉంటావు. ఊరంతా వచ్చి, చిల్లు ఎక్కడా లేదని చప్పట్లు కొడతారు. లోపల ఏమైందో తొడిమ కొరికి చూడు."

కొరికాడు. పిసక్కుండానే రసం వాడి నోట్లోకి, గడ్డం మీదకి, ఆ కోటు మీదకి కారింది. వాడు మింగలేదు. నావైపు చూశాడు. బాబాయి తుపాకీ మడిచి తూటా బయటికి తీశాడు. అది చేజారి కిందపడింది. సత్యనారాయణ ఉన్నచోటే కూలబడ్డాడు. మర్నాటినుంచీ ఆ కోటు తొడుక్కోవాల్సింది తనే కదా.

"దెబ్బ తిన్నాక మళ్ళీ వాడకూడదని నీ కూతురు చదివింది కూడాను," అన్నాను. "గుట్టలో వేల కాయలుంటాయి కాబట్టి ఒకటి కోస్తామురా. ఇక్కడ ఉన్నదే ఒక్క కోటు. దాన్నే శాంపిల్ కోసేశాం. మళ్ళీ దాన్నే నువ్వు తొడుక్కున్నావు."

వాడు మెల్లగా కోటు విప్పాడు. లోపల బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. పక్కటెముకలన్నీ లెక్కపెట్టచ్చు. మెడ కింద చెమటపొక్కులు. నాయకుడి గుండె ఎంత ఉంటుందనుకున్నాను, అంతా కలిపి నా రెండు జానలు లేదు. చిన్నప్పుడు నూతి దగ్గర నేను నీళ్ళు పోసిన ఒళ్ళే అది. ఇంక నా వల్ల కాలేదు. అందరిముందూ గట్టిగా ఏడ్చేశాను. "నువ్వు పోతే నేనెవర్ని తిట్టుకోనురా?" అన్నాను.

వాడు నన్ను ఓదార్చలేదు. వాడికది చేతకాదు. సత్యనారాయణ దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపాడు.

"ఇవాళ్టినుంచి చీకటి పడ్డాక తోటలో ఎవరూ ఉండక్కర్లేదు. ఇంటికెళ్ళి పడుకో."

"మరి పందులండీ?" అన్నాడు సత్యనారాయణ.

"తిననీ," అన్నాడు.

తిన్నాయి. బాగా తిన్నాయి. రాలిన ప్రతి కాయ గురించీ మావాడు గోడ అవతల నుంచి నాకు వినబడేలా ఏడ్చాడు గానీ కాపలా మాత్రం మళ్ళీ పెట్టలేదు. కోటు ఇప్పుడు మోటారు షెడ్డులో స్టార్టరు పెట్టె మీద వాన చినుకులు పడకుండా కప్పి ఉంది. ఆ పని శుభ్రంగా చేస్తోంది.

సంచిలో దెబ్బతిన్న కాయలతో నేను తాండ్ర పోశాను. పిసికే పని తప్పింది. చాప మీద పొర మీద పొర పోసి ఎండబెట్టి, ముక్కలు కోసి, మొదటి పళ్ళెం తమ్ముడి ముందు పెట్టాను. వాడు ఒక ముక్క నోట్లో వేసుకుని, రాయి తగులుతుందేమోనన్నట్టు నెమ్మదిగా, అన్ని పళ్ళతోనూ వెతుక్కుంటూ నమిలాడు. మొహం వెలిగింది.

"ఒక్క సీసపు గుండు కూడా తగల్లేదక్కా," అన్నాడు. "ఎవరేమన్నా కోటు గట్టిదే."

"గట్టిదేరా," అన్నాను. "నువ్వు తింటున్నది దాని వెనకున్నదే."

వాడి నోరు నమలడం ఆపేసింది.